రెండోసారి బిగించని పట్టీ

ఒక తోలు పట్టీ. నాలుగు వేళ్ళ వెడల్పు ఉంటుంది, ఒక కొసన ఇత్తడి బకిల్. గుర్రం కడుపు కిందనుంచి తిప్పి జీనును బిగించి కట్టేది. చేతిలోకి తీసుకుంటే ఏమంత బరువు కాదు. మేకుకు వేలాడాల్సిన దాన్ని నేను ఎప్పుడో ఎవరి కంటా పడకుండా అటక మీద పెట్టాను. పెట్టింది అటక మీదే అయినా ఇన్నేళ్ళూ మోసింది మాత్రం నేను. పెళ్ళిళ్ళకు పోయినా, తిరునాళ్ళకు పోయినా, జ్వరంతో పడుకున్నా అది నా మీదే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకూ అక్కరలేదు. తెలిసినవాళ్ళ ఎదుట నోరు పెగల్లేదు కాబట్టి తెలియని మీకు చెబుతున్నాను. పెగల్చుకోవాలని చూడలేదా అంటే చూశాను. "అన్నా" అని పిలిచేదాన్ని. ఆయన "ఏం మే" అని ఇటు తిరిగేవాడు. "ఉలవలు అయిపోవొచ్చినాయన్నా" అని చెప్పి వచ్చేసేదాన్ని. అలా చెప్పీ చెప్పీ, ఆ ఇంట్లో ఉలవలకు ఎన్నడూ కొరత రాలేదు.

ఆ అన్న పేరు దామోదరం. నాకు పెద్దమ్మ కొడుకు. వరసకు పెద్దమ్మే గానీ దగ్గరి చుట్టరికం కాదు. నా మొగుడు పోయాక, పిల్లలు లేక, పుట్టింట్లో ఒక మూల పడి ఉన్న నన్ను ఆ పెద్దమ్మే పిలిపించి తమ తోటలో పెట్టుకుంది. తిరుత్తణినుంచి అత్తిమంజేరిపేటకు పోయే దారి పక్కన వాళ్ళకు మామిడి తోట, వేరుశనగ చేలు ఉండేవి. దామోదరన్న యుద్ధకాలంలో గుర్రాలు, కంచరగాడిదలు ఉండే దళంలో పనిచేసి వచ్చినవాడు. అక్కడ కాలు పడిపోయిన సిపాయి ఒకణ్ణి రోజూ గుర్రం మీద కూర్చోబెట్టి మెల్లగా నడిపిస్తే కాలికి బలం రావడం చూశాడట. మనుషులతో మాట్లాడడం మానేసిన ఇంకొకడు కంచరగాడిద చెవిలో గుసగుసలు మొదలుపెట్టి, చివరికి మనుషులతోనూ మాట్లాడాడట. ఇంటికి వచ్చాక ఆయనకు అదే ధ్యాస. కాళ్ళు చచ్చుబడిన పిల్లలకు, మాట రాని పిల్లలకు మన తోటలోనే ఒక గుర్రాన్ని పెట్టాలి అని.

ఊరు నవ్వింది.

"ఏం దామోదరం, మీ గుర్రం సూది కూడా ఏస్తాదా?" అని అడిగేవాళ్ళు.

"సూది ఏయదు మామా. నువ్వు ఎనకమాల నిలబడితే కాలితో మాత్ర ఇస్తాది" అనేవాడు ఆయన.

బస్సులు ఎక్కువై జట్కాలకు బేరాలు తగ్గుతున్న రోజులవి. తిరువళ్ళూరు స్టేషను దగ్గర ఒక జట్కావాడినుంచి ఆడగుర్రాన్ని కొని తోలుకొచ్చాడు. లేత పసుపు రంగు. పేరు సంపంగి. చాలా తక్కువకే ఇచ్చాడంటే ఎందుకో పెద్దమ్మకు చూడగానే తెలిసిపోయింది. మా వైపు గుర్రాన్ని కొనేవాళ్ళు పళ్ళకంటే ముందు సుళ్ళు చూస్తారు. వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటు నుదుట ఉంటే ఒక ఫలం, మెడ మీద ఉంటే ఇంకొక ఫలం. కంటి కింద ఉంటే దాన్ని కన్నీటి సుడి అంటారు. ఆ గుర్రాన్ని కట్టేసిన ఇంట్లో ఏడుపు తప్పదని నమ్మకం. సంపంగికి ఎడమ కంటి కింద ఉంది, పైసా అంత.

పెద్దమ్మ గడప దాటి రాలేదు. "యాడ దొరికిందిరా నీకు ఇది? కన్నీళ్ళు కొనుక్కోనొచ్చినావా?"

"అవి దాని కన్నీళ్ళేలేమ్మా. ఇన్నాళ్ళు జట్కాకి కట్టినారే, ఏడవదా?" అన్నాడు దామోదరన్న.

నందియేటి ఇసుక తోలించి వేపచెట్టు పక్కన గుండ్రంగా పరిపించాడు. చుట్టూ కొయ్యలు పాతి, ఒక్కో కొయ్యకు ఒక్కో పలక కట్టాడు. పలకకు ఒకవైపు తెలుగు అక్షరం, వెనకవైపు అరవ అక్షరం. గుర్రం మీద పిల్లను కూర్చోబెట్టి పగ్గం పట్టుకుని నడిపించాలి. ప్రతి కొయ్య దగ్గరా సంపంగి తనంతట తానే ఆగేది. పిల్ల అక్షరం చెబితే కదిలేది. కాలికి కాలు, చదువుకు చదువు. పగ్గం పట్టుకునేది నేను. ఏ కొయ్య దగ్గర పిల్లలు ఏమంటారో నాకు వరసగా నోటికొచ్చు. పలక మీద గీసి ఉన్నది మాత్రం నాకు గీతలే.

సంపంగి పనంతా నాదే. గుగ్గిళ్ళు వండేది నేనే. ఉలవలు ఉడికాక నీళ్ళు వంచి ఇంట్లోకి పంపితే చారు అయ్యేది, గింజలు గుర్రానికి. జీను కట్టేదీ నేనే. జీనంటే బొంతలు మడతపెట్టి కుట్టిన మెత్త, ముందు పట్టుకోవడానికి ఒక కొయ్యపిడి. దాన్ని కడుపు కిందనుంచి పట్టీతో బిగించాలి. ఇక్కడ ఒక సంగతి మీకు చెప్పాలి, ఎందుకంటే నా కథంతా దాని మీదే ఉంది. పట్టీ బిగించేటప్పుడు గుర్రం ఊపిరి పీల్చి కడుపు ఉబ్బిస్తుంది. అప్పుడు ఎంత గట్టిగా లాగి కట్టినా, నాలుగడుగులు నడిచి ఊపిరి వదిలేసరికి పట్టీ వదులవుతుంది. అందుకని ఒక చుట్టు తిరిగాక వేపచెట్టు కింద ఆపి రెండోసారి బిగించాలి. దామోదరన్న నాకు మొట్టమొదట నేర్పింది అదే. "మొదటిసారి కట్టేది గుర్రం కోసరం. రెండోసారి కట్టేది పిల్ల కోసరం. అది మరిచిపోవద్దు" అన్నాడు.

నేను మరిచిపోయేదాన్ని కాదు. ఆ మాట ఆయనే నలుగురిలో అనేవాడు. "నేను లేకపోయినా మా చెల్లెలుంటే చాలు, కండ్లు మూసుకోని పిల్లని ఎక్కించొచ్చు." మొగుడు పోయినప్పటినుంచీ నన్ను గురించి ఎవరూ అంత మంచిమాట అనలేదు. ఆ మాటను నేను మెళ్ళో గొలుసులా వేసుకుని తిరిగేదాన్ని. తర్వాత నేను కాపాడుకోవాలని చూసింది ఆ గొలుసునే అనుకుంటాను.

ఇక వసంత సంగతి. పట్టాభిరాంలో రైల్వే పని చేసే ఒకాయన కూతురు. ఆరేడేళ్ళ పిల్ల. తల్లి కళ్ళముందే పోయింది. ఆ పొద్దునుంచి పిల్ల నోట మాట లేదు. చెవులు బాగానే వినబడేవి, చెప్పింది అర్థమయ్యేది. మాట మాత్రం ఎక్కడో లోపలికి పోయి తలుపేసుకుంది. ఎవరో చెబితే విని తండ్రి తీసుకొచ్చి మా దగ్గర వదిలాడు. నా చాపమీదే పడుకునేది, నా చేతనే తల దువ్వించుకునేది. ఆ పిల్ల నాకు బరువనిపించలేదు. ఇష్టమే. ఇది కూడా మీకు చెప్పాలి. ఇష్టం లేని పిల్లకు చేసి ఉంటే, నన్ను నేను అర్థం చేసుకోవడం కొంచెం సులువయ్యేదేమో.

మొదట్లో గుర్రం మీద బొమ్మలా కూర్చునేది. కొన్నాళ్ళకు ముందుకు వంగి జూలులో ముఖం పెట్టేది. తర్వాత ఒకరోజు నేలమీద నిలబడి, మేత తింటున్న సంపంగిని చూసి "దా" అంది. అంతే, ఒక్క అక్షరం. దామోదరన్న చేతిలో ఉన్న గంప వదిలేశాడు. అప్పటినుంచి ప్రతి పలక దగ్గరా వంగి సంపంగి చెవిలో ఏదో చెప్పేది. మాకు వినబడేది కాదు. గుర్రం చెవి కదిలించేది, కదిలేది. "దానికి చెప్పినాదంటే మనకీ చెప్తాది. తొందరేం లేదు" అనేవాడు దామోదరన్న.

ఆ రోజు ఆడికృత్తిక, తిరుత్తణి కొండకు కావళ్ళు మోసే పండగ. దామోదరన్న తవుడు కోసం తిరువళ్ళూరు పోయాడు. మా తోట పక్క దారిలో పొద్దుటినుంచీ కావళ్ళు పోతూనే ఉన్నాయి. పసుపు బట్టలు, పంబల మోత, కొండకు పోయే జనం. ఆ మోతకు సంపంగి చెవులు ఆడించింది తప్ప ఇంకేమీ చేయలేదు. జట్కా గుర్రానికి మోత కొత్తా? వసంతను ఎక్కించాను. పట్టీ కట్టాను. ఒక చుట్టు తిరిగాము. వేపచెట్టు దగ్గరికి వచ్చాము.

అప్పుడే మా అత్తగారి ఊరివాళ్ళ గుంపు దారిలో కనబడింది. నా మొగుడు ఏటా కావడి మోసేవాడు. ఆయన పోయాక ఆ కావడి ఎవరి భుజం మీద ఉందో నాకు ఎవరూ చెప్పలేదు. అది చూడాలనిపించింది. ఒక్కసారి. చెట్టు కింద ఆగాల్సిన సంపంగిని ఆపకుండా, పగ్గం పట్టుకుని కంచెవైపు నడిపించాను. మెడ చాచి ముఖాలు వెతుకుతున్నాను. నా చెయ్యి పగ్గం మీద ఉంది, కళ్ళు దారి మీద ఉన్నాయి. మరిది భుజం మీద ఉంది కావడి. నెమలీకలు కొత్తవి కట్టారు. అది చూశాను. ఆ చూపు ఎంతసేపు ఉంటుంది? మలుపు తిరిగేంతసేపు.

జీను పక్కకు జారింది. వసంత దానితోపాటు జారి గుర్రం కడుపు కిందికి పడింది.

ఇప్పుడు నేను చెప్పేది నేనొక్కదాన్నే చూశాను. నేను, ఇంకా ఆ పిల్ల. సంపంగి ముందుకాలు ఒకటి అప్పటికే లేచి ఉంది, అడుగు వేయబోతూ. ఆ కాలు దిగితే పిల్ల మీదే దిగాలి. అది దించలేదు. గాలిలో పట్టుకుని, మూడు కాళ్ళ మీద వణుకుతూ, నేను పిల్లను లాగేదాకా అలాగే నిలబడింది. లాగాక, నేల చూసుకుని, మెల్లగా పెట్టింది.

వసంత చెయ్యి విరిగింది. అరవలేదు. అరుపు కూడా ఆ పిల్లకు రాదు.

వసారాలో కూర్చున్న పెద్దమ్మకు దూరాన ఉన్నవి సరిగా ఆనవు. గుర్రం కాళ్ళ కింద పిల్ల ఉండడం మాత్రం చూసింది. "చంపేసిందే, చంపేసిందే" అంటూ వచ్చింది. పొలంలోవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. పిల్లను పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించడానికి బండి కట్టారు. ఆ గందరగోళంలో నేను సంపంగి కడుపు కింద వేలాడుతున్న జీను విప్పాను. పట్టీ ఎంత వదులుగా ఉందో నా చేతికి తెలిసింది. నా రెండు చేతులూ దూరేంత.

దామోదరన్న వచ్చేసరికి నేను పొయ్యి దగ్గర ఉలవలు కలుపుతున్నాను. గుమ్మంలో నిలబడ్డాడు. కోపంగా లేడు. అదే నా పాపానికి దారి ఇచ్చిందేమో. కోప్పడి ఉంటే ఏడ్చి చెప్పేసేదాన్నేమో.

"రెండోసారి బిగించినావా మే?"

"బిగించినానన్నా."

"బాగా గుర్తు తెచ్చుకో."

"బిగించినా. అదే బెదిరింది. పంబ సద్దుకి బెదిరి పక్కకి దూకింది."

గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఉలవలు అడుగంటుతున్న వాసన వస్తోంది. ఆయన "బెదిరిన గుర్రం పరిగెత్తాల గదా. ఇది నిలబడే ఉండిందంట" అన్నాడు. తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నా మాటకు పెద్దమ్మ తోడు వచ్చింది. "ఆ పొద్దే చెప్తిని గదరా. కంటి కింద సుడి ఉండేదాన్ని ఇంట్లో కట్టొద్దని. ఇంటి పిల్ల కాదే, ఊరోళ్ళ పిల్ల. వాళ్ళ నాయనకి ఏం చెప్తావు?"

దామోదరన్న లేచి సంపంగి దగ్గరికి పోయాడు. నేను కిటికీలోంచి చూశాను. సుడి అంటే నవ్వేవాడు కదా. ఆ రోజు దాని ఎడమ కంటి కింద వేలు పెట్టి, ఆ వెంట్రుకలను అటూ ఇటూ తడిమి చూశాడు. ఆయన ముందర రెండే దారులున్నాయి. గుర్రం చెడ్డదని నమ్మాలి, లేదా చెల్లెలు అబద్ధమాడిందని నమ్మాలి. ఆయన నన్ను నమ్మాడు. అలా నన్ను నమ్మడానికి తాను నమ్మినదంతా వదులుకున్నాడు.

సంపంగిని మళ్ళీ తిరువళ్ళూరికే, ఇంకో జట్కావాడికి అమ్మి తోలేశారు.

నా తప్పు ఇక్కడితో ఆగి ఉంటే ఒక భయస్థురాలి అబద్ధమని చెప్పుకోవచ్చు. మరిచిపోవడం తప్పే, అయినా మనుషులు మరిచిపోతారు. భయంలో అబద్ధం కూడా వస్తుంది. నేను మీకు చెప్పాలనుకున్నది దాని తర్వాతది.

చేతికి కట్టుతో వసంత తిరిగొచ్చింది. సంపంగి కట్టుకొయ్య దగ్గరికి పోయి నిలబడింది. ఎంతసేపు నిలబడిందో. తర్వాత లోపలికి వచ్చి, గోడకున్న మేకునుంచి పట్టీని బాగున్న చేత్తో లాగి దింపుకుంది. నేలమీద ఈడ్చుకుంటూ వసారాలోకి నడిచింది. దామోదరన్న అక్కడ కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్ళో పెట్టింది. బకిల్‌ను చూపించింది. చిల్లులను చూపించింది, ఒక చిల్లుమీద వేలు పెట్టి, దాని తర్వాతి చిల్లుమీద పెట్టి. తర్వాత నన్ను చూపించింది. నోరు తెరిచింది.

తెరిచింది. నేను చూశాను. గొంతులో ఏదో కదులుతోంది. ఇంకొక్క క్షణం ఆగితే వచ్చేది. నాకు ఆ సంగతి తెలుసు. ఆ తోటలో ఎందరో పిల్లలను చూసినదాన్ని, మాట ఎప్పుడు అంచుకొస్తుందో నాకు తెలియదా?

నేను వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను.

"సంపంగి గుర్తొచ్చిందన్నా పాపకి. పట్టీ చూస్తే ఏడస్తాది. నేను తీసుకోనిపోతాలే."

ఆయన కళ్ళు తుడుచుకుని తల అటు తిప్పుకున్నాడు. నేను పట్టీని ఒక చేత్తో, వసంతను ఒక చేత్తో పట్టుకుని పక్కకు తీసుకుపోయాను. పిల్ల నన్ను చూసింది. మెల్లగా నోరు మూసుకుంది. ఆ మూసుకోవడం ఎలా ఉందంటే, తలుపు దగ్గరికి వచ్చిన మనిషి బయట ఎవరున్నారో చూసి తిరిగి లోపలికి పోయినట్టుంది. పట్టీని నేను అటక మీదికి విసిరాను. కొత్తది చేయించాలన్నా అని చెప్పాను. సరే అన్నాడు.

మళ్ళీ "దా" అనలేదు ఆ పిల్ల. దామోదరన్న ఒక పొట్టి గోధుమరంగు గుర్రాన్ని తెచ్చాడు, రాజు అని. దాని దగ్గరికే పోలేదు. కొన్ని నెలలు చూసి తండ్రి పట్టాభిరాం తీసుకుపోయాడు. వేరే పిల్లలు వస్తూనే ఉన్నారు, కాళ్ళు కూడదీసుకుని పోతూనే ఉన్నారు. తోట నడిచింది. అప్పుడప్పుడు వసంత తండ్రి వచ్చేవాడు. "పాప ఎట్లుండాది?" అని దామోదరన్న అడిగేవాడు. "అట్లే ఉండాదయ్యా. మాటే లేదు" అనేవాడు ఆయన. నేను మజ్జిగ ఇస్తూ "అయ్యో పాపం" అనేదాన్ని.

అనేటప్పుడు నా లోపల ఏముండేదో తెలుసా? ఇది రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. హాయిగా ఉండేది. మాట రాలేదంటే చెప్పలేదు. చెప్పలేదంటే నేను ఇంకా ఆ ఇంట్లో మంచి చెల్లెల్ని. పిల్లలకు మాట రావాలని కట్టిన చోట, ఆ పిల్లలకు అన్నం కలిపి పెట్టే చేతులతోనే, ఒక పిల్లకు మాట రాకూడదని నేను దణ్ణం పెట్టుకున్నాను. తిరుత్తణి కొండెక్కి కూడా పెట్టుకున్నాను. ఫలానాది కావాలని పెదవులతో అనలేదు. దేవుడికి పెదవులు కావాలా?

సంపంగిని ఒకసారి చూశాను. అమావాస్యకు పెద్దమ్మను తిరువళ్ళూరు గుడికి తీసుకుపోయినప్పుడు, స్టేషను బయట జట్కాల వరసలో ఉంది. నేను చూసేలోపే అది నన్ను చూసింది. మూతి తెచ్చి నా భుజం మీద పెట్టింది. పెద్దమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, "ఇది ఆ సుడిది గదా? ఇంకా ఈడనే ఉండాదే" అంది.

జట్కావాడు విన్నాడు. "ఏం సుడిలేమ్మా. ఇరవై ఏండ్లుగా నా పెండ్లాం నవ్వి ఎరగదు. ఇది వొచ్చినాక నవ్వతా ఉండాది. నన్ను చూసి కాదులే, దీన్ని చూసి" అన్నాడు.

బొడ్లో ఉన్న బెల్లం ముక్క దానికి పెట్టాను. బాగానే ఉంది, దానికి కష్టమేమీ లేదు, అని ఇంటిదాకా చెప్పుకుంటూ వచ్చాను. అది బాగుంటే నాది తప్పు కాకుండా పోతుందా? ఆ ప్రశ్నను బస్సులోనే వదిలేసి దిగాను. అది నాకంటే ముందే ఇంటికి చేరింది.

మా ఊళ్ళను ఆంధ్రలోంచి తీసి మద్రాసు రాష్ట్రంలో కలిపిన ఏడాది అది. పలకల్లో ఏ వైపు ముందుకు తిప్పాలని దామోదరన్నను ఊళ్ళో ఆటపట్టిస్తున్నారు. "గుర్రాన్ని అడగండి, అది యా పక్క ఆగితే ఆ పక్క" అనేవాడు. ఆ రోజుల్లోనే వసంత తండ్రి మళ్ళీ పిల్లను తీసుకొచ్చాడు. పన్నెండు దాటిన పిల్ల. పొడుగు జడ. ఇంట్లో ఊరికే కూర్చుంటోంది, ఇక్కడ ఏదో పనిలో సాయం చేస్తుందని. ఆ పిల్ల నాకు వంగి నమస్కారం పెట్టింది. నేను తల తిప్పి అటకవైపు చూశాను.

ఒక పొద్దున, కాళ్ళు సరిగా నిలవని చిన్నపాపను రాజు మీద కూర్చోబెట్టాము. వసంత పాపకు పక్కన చెయ్యి ఆనించి నడుస్తోంది. నేను పగ్గం పట్టుకున్నాను. ఒక చుట్టు అయింది. వేపచెట్టు కింద ఆపాను. ఆడికృత్తిక తర్వాత నేను ఏనాడూ ఆపకుండా ఉండలేదు. వంగి పట్టీ మీద చెయ్యి వేశాను.

"ఇంకోసారి బిగించక్కా."

గొంతు బొంగురుగా, చాలాకాలం వాడని గిలక తిరిగినట్టుంది. నేను తల ఎత్తలేదు. అది నా మనసులోనే వినబడిందనుకున్నాను. దామోదరన్న చేతిలోని కర్ర కింద పడిన చప్పుడు విన్నాక తెలిసింది, నిజంగానే ఎవరో మాట్లాడారని. ఆయన వచ్చి ఇసుకలో కూర్చుండిపోయాడు. "ఏమనింది? ఏమనింది మే పాప?"

"పట్టీ గురించన్నా."

"పట్టీ గురించా?" అని నవ్వాడు. ఏడుస్తూ నవ్వాడు. పిల్లలకు మొదట్లో అమ్మా అనో అన్నం అనో వస్తుంది, మా వసంతకి పట్టీ వొచ్చినాది చూడండి, అని ఆయన ఎందరికి చెప్పుకున్నాడో. నేను పక్కనే నిలబడి నవ్వాను. ఇంకొక అబద్ధం అది. మాట లేని అబద్ధం.

కానీ ఒకటి మీకు నిజంగా చెబుతున్నాను. ఆ గొంతు విన్నప్పుడు నాకు భయం వేస్తుందనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన భయం. వేయలేదు. లోపలినుంచి వచ్చింది సంతోషం. నేను కొండమీద కోరుకున్నది ఓడిపోయింది. నా కోరికను దేవుడు కాలితో నెట్టేశాడు. నేను పాడుచేయాలని చూసింది పాడుకాలేదు. ఎంత నెమ్మదిగా ఊపిరి వదిలానో ఆ పొద్దు. సంపంగి కూడా అలాగే వదిలేది, మొదటి చుట్టు నడిచాక.

ఆ మాట నన్ను నిలదీయడానికి అందా, పాప పడిపోతుందేమోనని అందా? నాకు తెలియదు. నా చెయ్యి అప్పటికే పట్టీ మీద ఉంది. చూసి కూడా ఎందుకంది? ఎన్నిసార్లు తిరగేసినా ఆ రెండు మాటలకు అడుగు కనబడలేదు. వసంత మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె తండ్రి దగ్గరికి తిరిగి పోలేదు. మాతోనే ఉండిపోయింది. దామోదరన్న నేర్పిందంతా నేర్చుకుంది. ఆయన పోయాక తోట ఆమే నడుపుతోంది. ఆయన నన్ను నమ్ముతూనే పోయాడు. పెద్దమ్మ సుడిని నమ్ముతూ పోయింది. వాళ్ళిద్దరికీ నేను చెప్పాల్సింది ఇక చెప్పడం కుదరదు. ఆ బాకీకి వాయిదాలు లేవు.

నాకు మోకాళ్ళు పట్టేసి పగ్గం పట్టడం మానేశాక, ఊరికే కూర్చోవద్దని వసంతే నాకు అక్షరాలు నేర్పింది. పుస్తకం పెట్టి చెబితే ఎక్కలేదు. ఇసుకలోకి తీసుకుపోయి కొయ్యలచుట్టూ మెల్లగా నడిపించింది. ప్రతి పలక దగ్గరా ఆగేది. "చెప్పక్కా. ఈడ పిల్లోళ్ళు ఏమంటారు?" అనేది. నేను అనేదాన్ని. "అదే ఇది" అని పలక మీద వేలు పెట్టించేది. అన్నేళ్ళు గుర్రాన్ని తిప్పిన దారిలోనే, గుర్రంలా నడుస్తూ నేర్చుకున్నాను. నా చెయ్యి పట్టుకుని నడిపించిన ఆ చెయ్యి ఏ చెయ్యో తెలుసు కదా మీకు. విరిగి అతికినది. చలికాలంలో ఇప్పటికీ నొప్పి పుడుతుంది దానికి. నొప్పి అనదు. నీలగిరి తైలం రాసుకుంటుంది, అంతే.

పొద్దున పనివాణ్ణి అటక ఎక్కించి పట్టీ దింపించాను. తోలు ఎండి, పగిలి ఉంది. బకిల్ పచ్చబడింది. గుడ్డతో తుడిచి, వెనకటి మేకుకే తగిలించాను. చేతిలో పట్టుకుని చూస్తే ఇంతేనా అనిపించింది. ఇంత తేలికైనదాన్నా నేను మోసింది? గోడమీద, వెలుతురులో, అందరికీ కనబడేలా అది వేలాడుతుంటే, ఎన్నో ఏళ్ళ తర్వాత రెండు పూటలా ఆకలేసి తిన్నాను.

క్షమించమని దీంట్లో ఎక్కడా రాయలేదు, గమనించారా? అడిగేందుకు నాకు మొహం లేదు. అడిగితే ఆమె "పోనీలేక్కా" అంటుందని కూడా భయం. అది అంత సులువుగా రాకూడదు.

నేను ఏది రాసినా వసంత సాయంత్రం వచ్చి పైకి చదువుతుంది. ఎక్కడ తప్పుంటే అక్కడ ఆగి దిద్దుతుంది. ఈ కాయితాలు కూడా అలాగే ఇస్తాను. నేను నోట రాకూడదని దణ్ణం పెట్టుకున్న మాటలు ఆ గొంతుతోనే ఈ ఇంట్లో వినబడతాయి. ఎక్కడ ఆగుతుందో తెలియదు. చదివి ఏమంటుందో తెలియదు. నేను ఎదురుగానే కూర్చుంటాను. మేకు నా తలకు పైనే ఉంది. ఆమె నోరు తెరిచినప్పుడు ఈసారి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోను.